ఉష్ట్రవైద్యుని సంతకము

పుష్యమాసపు బహుళపక్షమున మరుభూమికి రెండు ఋతువులు ఒక్కదినముననే వచ్చిపోవుచుండును. ఉషఃకాలమున ఎముకలు కొరుకు చలికి ముడుచుకొనిపోయిన ఇసుక మధ్యాహ్నమునకు మెల్లగా వెచ్చబడి మూడవజాము గడచునప్పటికి మరల చల్లబడ నారంభించును. కనుచూపు పారినంతమేర గాలి చెక్కిన సైకతరాశులు నిశ్చలతరంగములవలె ఒకదాని వెనుక నొకటి శయనించియుండగా వాని నడుమ నట నొకటియు నిట నొకటియు నిలిచిన జమ్మిచెట్లు మాత్రమే పచ్చదనమను మాటను ఆ దేశము మరచిపోకుండ కాచుచుండెను. పశ్చిమమునకు వ్రాలుచున్న భాస్కరుని కిరణములు సోకి ధవళసర సంస్థానపు పసుపురాతికోట కరగిన బంగారమువలె మెరయుచుండ దాని యుత్తరద్వారము చెంతనున్న ఉష్ట్రశాలలో ఆ సాయంకాలపు విహారమునకై పండ్రెండు సవారి యొంటెలు కంఠమున గవ్వలపేరులును కాళ్ళకు గజ్జెలును ధరించి వరుసదీరి మోకరిల్లియుండెను.

ఆ వరుస వెంబడి నడచుచు ఒక్కొక్కదాని కన్నులను దంతములను అరికాళ్ళను పరీక్షించుచున్న పురుషుడు వేమవరపు సోమశేఖరము. గౌతమీతీరమున జనించి చెన్నపట్టణమున పశువైద్య మభ్యసించి ఇరువదియారవయేట ఈ యిసుకదేశమున ఉద్యోగము సంపాదించుకొనిన ఆ యువకుని తొలిదినములలో చూచి కోటలోనివారెల్లరు నవ్విరి. కాలువగట్టున పుట్టినవాడు ఒంటెకు మందు వేయునా యని పరిహసించిరి. నవ్వనివాడు గోమారాముడొక్కడు. తరతరములుగా ఒంటెలను పెంచు రాయికాకులమున పుట్టిన ఆ యేబదియేండ్ల కాపరి పరదేశపు వైద్యునకు తన భాష నేర్పెను. ఒంటె కడుపునకు చెవి యానించి లోని రోగమును వినుట నేర్పెను. రోగము అంతుబట్టని దినమున అతని గుడిసెలో కూర్చుండి అడిగి తెలిసికొనిన సంగతులనే సోమశేఖరము మరునాడు అధికారముతో దఫ్తరులో వ్రాయుచుండెను. ఇట్లు నాలుగేండ్లు గడచెను.

గోమారామునికి సంతానము లేదు. ఎనిమిదేండ్ల క్రిందట నొక యాడుఒంటె యీనిన మూడవనాడు పాముకాటునకు గురియై మరణింపగా దాని పిల్లను అతడు తన గుడిసెకు గొనివచ్చి ఉన్నిగుడ్డను మేకపాలలో ముంచి చీకించి చలిరాత్రులయందు తన కంబళిక్రిందనే పరుండబెట్టుకొని బ్రతికించెను. ధూళిలేని తెలిమబ్బువంటి వర్ణముగల ఆ మగపిల్లకు తన భాషలో మేఘమను అర్థమున బాదలు అని పేరు పెట్టెను. అది పెరిగి సంస్థానములోని ఒంటెలన్నిటికంటె ఉన్నతమై సుందరమై సవారిశాలకు తలమానికమయ్యెను. కాని పోయిన శీతకాలమున మదమెత్తినవేళ అది యొక భటుని భుజమునకు నోరువేసెను. ఉష్ట్రశాలాధిపతియగు ఠాకూరు జోరావరసింహుడు ఆనాడే ఆజ్ఞ వ్రాయించెను. బాదలునకు మరల మదము కనబడినచో సరిహద్దు ఠాణాలకు నీళ్ళు మోయుటకై పంపవలెను. మదము లేకయే మనుష్యుని గాయపరచినచో తుపాకికి గురిచేయవలెను.

ఆనాటి విహారము కొత్తలంక జమీందారిణి చంద్రాయమ్మగారి నిమిత్తమై మహారాజు ఏర్పరచినది. ఆమె పుష్కరక్షేత్రమును సేవించి మరలివచ్చుచు పూర్వపరిచయమునుబట్టి ధవళసరమున మూడుదినములు ఆతిథ్యము స్వీకరించుచుండెను. అతిథు లెక్కెడి యొంటెలను వైద్యుడు స్వయముగా పరీక్షించి నిర్దోషములని సంతకము చేయవలెనని ఆ సంస్థానపు కట్టడి. పదునొకండు ఒంటెలు పడుచువియు బీజములు తీయబడినవియు నగుటచే శాంతముగా నుండెను. పండ్రెండవది బాదలు.

సోమశేఖరము దాని చెవుల వెనుక చేయివైచినతోడనే నిలిచిపోయెను. మెడవెంట్రుకలకు ఆవనూనె దట్టముగా పూయబడియుండెను. నూనెక్రింద అతని వ్రేళ్ళకు మదజలపు నల్లని జిగట తగిలెను. ఆ ఘాటైన వాసన ఎరిగినవాని నాసికను మోసగింపజాలదు. డొక్కలు లోనికి పోయియుండెను. పండ్లు ఒండొంటితో నూరుకొను సవ్వడి మెల్లమెల్లగా వినవచ్చుచుండెను.

"ఎన్నాళ్ళైనది గోమా?" అని యతడు తలయెత్తకయే యడిగెను.

గోమారాముడు దగ్గరకు జరిగెను. పిమ్మట ఇతరులకు వినబడకుండ "మూడు దినములు దొరా. ఇంకను నోట నురుగు పుట్టలేదు. మేత మాత్రము మానినది" అనెను.

"నూనె పూసి నా కన్ను గప్పవలెనని యనుకొంటివా?"

"మీ కన్ను గాదు. ఠాకూరుగారి కన్ను. మీకు తెలియునని నే నెరుగుదును." కాపరి తన తలపాగను తీసి చేతబట్టుకొనెను. "మీరు వ్రాసితిరా, రేపటికి దీనిని సరిహద్దునకు తోలుదురు. అక్కడి భటులు మూడురోజులకొకసారి నీరు పెట్టి మోపులకు మోపులు మోయింతురు. రెండేండ్లు బ్రతుకదు. ఈ యొక్క సాయంకాలము గడపనిండు. రేపు కాలు బెణికినదని చెప్పి మా పల్లెకు తోలుకొనిపోయి ఈ కాలము పోవువరకు దాచుకొందును. ముకుత్రాడు నా చేయి విడువదు దొరా. దీనిని నే నెట్లు పెంచితినో మీరెరుగనిది కాదు."

సోమశేఖరము బాదలు కన్నులలోనికి చూచెను. ఆ కన్నులు ఎఱ్ఱబడలేదు. ఇంకను నొకటి రెండు దినములు వ్యవధి యున్నదని అతని శాస్త్రము చెప్పెను. అట్లు చెప్పినది శాస్త్రమో స్నేహమో విచారించుటకు అతనికి తీరిక లేకపోయెను. ద్వారముకడ ఠాకూరు బూట్ల చప్పుడు వినబడుచుండెను. అతడు కలము తీసి పండ్రెండు పేరులక్రింద నొక్కటే సంతకము చేసెను. గోమారాముడు ఆ చేతిని కన్నుల కద్దుకొనెను. ఆ స్పర్శ వైద్యునకు తియ్యనైనదిగా తోచలేదు.

వరుసలో తుదను ఏ సామానులబుట్టనో మోయించి బాదలును వెనుకబెట్టుదుమని వారిరువురు తలచియుండిరి. కాని యేబదియైదేండ్ల వయస్సున గూడ చిన్నపిల్లవలె ఉత్సాహముగల చంద్రాయమ్మగారు బండి దిగినతోడనే ఆ తెల్లని యొంటెను చూచి "నేను దీనిపైననే యెక్కెదను" అని తెలుగుననే ప్రకటించిరి. ఠాకూరు దాని భావము గ్రహించి తన శాలకు గౌరవము కలిగినదని మీసము సవరించుకొని ఆమె జీనును దానిపైకి మార్పించెను.

"అమ్మగారూ, అది కొంచెము బెదురుగొడ్డు. ఈ గోధుమరంగుది నడకలో మెత్తనిది" అని సోమశేఖరము ముందునకు వచ్చి పలికెను.

తెలుగుమాట వినగానే ఆ యమ్మగారి ముఖము వికసించెను. "ఓరి నాయనా! ఈ యెడారిలో మనవాడవు దొరికితివా! ఏ యూరు మీది? రామచంద్రపురము పక్కనా? అయ్యో, మా కాలువ నీళ్ళే మీకును. నీవు పక్కన నడువు నాయనా. మన గోదావరివాడు తోడుండగా నాకు బెదురేమి?"

సత్యము చెప్పవలసినచో అదే సమయము. చెప్పినచో ఇంకను సిరా యారని సంతకము అబద్ధమగును. గోమారాముడు ముకుత్రాడును మడచి మడచి పట్టుకొని అతనివంక చూచుచుండెను. సోమశేఖరము నోరు తెరచి "సరే అమ్మగారూ, పక్కననే యుందును" అనెను.

ఒంటె మొదట వెనుకకాళ్ళను లేపగా జమీందారిణి ముందునకు తూలి "గోవిందా!" యని కేకవైచి, ముందుకాళ్ళు లేచినంతనే వెనుకకు తూలి పెద్దగా నవ్వెను. ఆ విహారపంక్తి కోటనీడను దాటి ఇసుకతిన్నెలలోనికి ప్రవేశించెను. పడమటికి దిగుచున్న సూర్యబింబము నెదుర్కొనుచు పండ్రెండు దీర్ఘచ్ఛాయలను వెనుకకు చాచుకొని గజ్జెల మ్రోతతో సాగిపోవుచున్న ఆ యొంటెలను దూరమునుండి చూచినవాడు ఎవడైనను అంతటి ప్రశాంతదృశ్యమును తాను చూచియుండలేదనును. పక్కన నడచుచున్న సోమశేఖరమునకు మాత్రము ఆకాశము కానరాలేదు. బాదలు దవడ యొక్కటే కానవచ్చుచుండెను. అది పండ్లు నూరినప్పుడెల్ల అతని చేయి తనకు తెలియకయే పైకి లేచుచుండెను.

"మా లంకకు పడవలో పోయినట్లే యున్నది నాయనా, నీళ్ళు మాత్రమే లేవు" అని పైనుండి చంద్రాయమ్మగారనిరి. కొంతదూరము పోయిన పిదప "మీ అమ్మకు జాబు వ్రాయుచున్నావా?" అని అడిగిరి. మరికొంతదూరము పోయిన పిదప "ఆ ముఖమేమి, నేను పడుదునని భయమా?" అని పరిహాసమాడిరి. అతడు నవ్వవలసినచోట్ల నవ్వెను. రెండు క్రోసుల దూర మట్లు గడచెను. డేరాలకడ బాదలు మోకరిల్లి, ఆమె క్షేమముగా నేలపై పాదము మోపినప్పుడు సోమశేఖరము పైకెత్తియున్న తన చేతిని దింపుకొనెను. గోమారాముడు అతనివంక చూచి తల యాడించి ఒంటెను తిన్నెవెనుకకు తోలుకొనిపోయి ఒంటరిగా కట్టివైచెను. గండము గడచినదని యిరువురును నమ్మిరి.

సంజవెలుగు నీలమునకు తిరుగుచుండగా ఇసుకపై తివాచీలు పరచి చుట్టును కాగడాలు నాటిరి. జమ్మికట్టెల నిప్పులలో కాలిన గోధుమయుండలును నేతిలో మునిగిన సజ్జరొట్టెలును పుల్లమజ్జిగతో కాచిన పులుసును ఎండిన జమ్మికాయల కూరయు ఇత్తడిపళ్ళెరములలో వడ్డించిరి. ముగ్గురు గాయకులు తంత్రులు సవరించి తమ దేశపు వర్షగీతమును పాడ నారంభించిరి. ఏడాదికి నాలుగు వానలు పడని చోట వర్షమును గూర్చి అంత ఆర్తితో పాడుట విని జమీందారిణి కన్నులు చెమర్చెను.

"జమ్మికాయ కూర వండుకొందురా! మనము పూజించుటయే గాని తినుట యెరుగము" అని యామె మెచ్చుకొని తినుచు ఠాకూరువైపు తిరిగి "ఒంటెపాలు త్రాగుదురని వింటిని. నేను చవి చూడకూడదా?" అని అడిగిరి.

ఆ మాట ఠాకూరునకు అనువదించి చెప్పవలసినవాడు సోమశేఖరమే. అతనికి చెప్పక తప్పినది కాదు. ఠాకూరు వెంటనే సమీపమందలి మందనుండి పాలిచ్చు ఆడుఒంటెలను రెండింటిని తోలుకొనిరండని సైగచేసెను. ఆడుఒంటెలు! వాని వాసన సోకినచో మదపుటొంటె నిలువదు. చేతిలోని రొట్టెముక్క సోమశేఖరమునకు రాయివలె తోచెను. వలదని చెప్పుటకు కారణము చెప్పవలెను. కారణము చెప్పుటకు ఆరు ఘడియలక్రిందటి సంతకమును చెరుపవలెను. తిన్నె యడ్డమున్నది, త్రాడు గట్టిది, గాలి అటునుండి యిటు వీచుచున్నది అని తనలో తాను చెప్పుకొనుచు అతడు లేవక కూర్చుండెను. అతడు కూర్చుండగనే గాలి తిరిగెను.

మొదట వినబడినది నీటికుండ బోర్లించినట్టి గుడగుడశబ్దము. పిదప గుంజ విరిగిన చప్పుడు. గాయకుల పాట నడుమనే తెగిపోయెను. తిన్నెమీదికి బాదలు వచ్చెను. దాని నోటి యొకప్రక్కనుండి మదమెత్తిన మగయొంటెలకు పుట్టు ఎఱ్ఱని తిత్తి వెలికి వ్రేలాడుచుండెను. నురుగు మెడమీదుగా కారుచుండెను. కాగడాలవెలుగున దాని తెల్లని దేహము ద్విగుణమై కనబడెను. అది ఆడుఒంటెల దెసకు పరుగిడు త్రోవలో అతిథుల తివాచీ యుండెను. ముకుత్రాడును రెండుచేతుల పట్టుకొని ఇసుకలో ఈడ్వబడుచు గోమారాముడు వెంటవచ్చుచుండెను. విడిచినచో తాను బ్రతుకును. కాని యెదుట మనుష్యులుండిరి. అతడు విడువలేదు.

"బాదలూ! ఓ బిడ్డా!" అని యతడు పిలిచిన పిలుపు అందరును వినిరి. ఒంటె మెడ త్రిప్పి అతని కుడిభుజమును నోటగరచి పైకెత్తి విసరివైచి ఎదురురొమ్ముతో నదిమివేయుటకై మోకాళ్ళు వంచెను. ఆ క్షణమున సోమశేఖరము తన శాలువను దాని కన్నులపై వైచి మెడకు వ్రేలాడెను. ఇరువురు సవారులు బల్లెపుకఱ్ఱలతో దానిని ప్రక్కకు త్రోసి కాళ్ళకు బంధనములు వేసిరి. చంద్రాయమ్మగారు తమ పట్టుశాలువను చింపి గట్టిగా కట్టుమని యందిచ్చి, దీపము తామే పట్టుకొని గాయముకడ మోకాళ్ళపై కూర్చుండిరి. సజ్జరొట్టెల పళ్ళెరములమీద ఇసుక కప్పుకొనిపోయెను.

మరునాటి యుదయమునకు కోటలోని వైద్యశాలయందు గోమారాముని కుడిచేయి భుజమువరకును తీసివేయబడెను. ప్రాణము నిలిచెను. ఠాకూరు స్వయముగా పోయి వాఙ్మూలము వ్రాయించుకొని వచ్చి దఫ్తరులో సోమశేఖరమును పిలిపించెను.

"మీరు అదృష్టవంతులు డాక్టరుగారూ. మీ సంతకమునకు మచ్చ రాలేదు. ఒంటెకు మదము లేకుండెనని కాపరియే చెప్పినాడు. తాను కఱ్ఱతో కొట్టినందున అది రేగి తిత్తి వెలార్చి కరచినదట, మీ సంతకమును మదము లేదనియే చెప్పుచున్నది. కనుక నేటి సాయంకాలము దానిని కాల్పింతును" అని యతడు కాగితము మడచెను.

సోమశేఖరము ఆ మాటను మనసున మరల నొకమారు చెప్పుకొనెను. తన బిడ్డవంటి జంతువును తుపాకికి అప్పగించి ఆ కాపరి ఎవని యుద్యోగమును కాపాడినాడో అతడు గ్రహించెను. ఈ పర్యాయము అతడు గాలి వీచుదెసను లెక్కింపలేదు.

"ఠాకూరుగారూ, అతడు చెప్పినది అబద్ధము. నిన్న సాయంకాలమున దానికి మదచిహ్నములుండెను. నా వ్రేళ్ళతో తాకి చూచితిని. తెలిసియే సంతకము చేసితిని. మదమున చేసిన తప్పునకు మీ యాజ్ఞ సరిహద్దే గాని తుపాకి కాదు. ఇది నేను వ్రాసి యిత్తును."

ఠాకూరు మడచిన వాఙ్మూలమును ప్రక్కన పెట్టెను. "మహారాజుగారి యతిథిని దానిపై నెక్కించినారు మీరు" అని మాత్రము పలికి కాగితమును కలమును ముందునకు జరిపెను. మధ్యాహ్నమునకు సోమశేఖరము కొలువునుండి తొలగింపబడెను. బాదలు నాలుగుకాళ్ళ బంధనములతో సరిహద్దునకు పోవు పంక్తిలో చేర్పబడెను.

ప్రయాణమగుచున్న జమీందారిణికి కూడ అతడు తానుగా పోయి జరిగినది చెప్పెను. ఆమె బండిమెట్టుపై నొక పాదముంచి వినిరి. "రెండు క్రోసులు నా పక్కన నవ్వుచు నడిచితివి గదా నాయనా" అనిరి. అంతకుమించి యామె యేమియు నిందింపలేదు. తెర దింపుకొనిరి. బండి కదలిపోయెను.

వైద్యశాలలో గోమారాముడు గోడవైపునకు ముఖము త్రిప్పుకొని పరుండియుండెను. సోమశేఖరము తాను వ్రాసియిచ్చిన సంగతియు బాదలు ప్రాణము దక్కిన సంగతియు చెప్పి మంచముప్రక్కను నిలిచెను. కాపరి ఇటు తిరిగెను. అతని కన్నులలో కోపము లేదు. ఉండినచో వైద్యునకు కొంత తేలికగా నుండెడిది.

"నిన్న మీరు వ్రాసియుండిన, నేను మిమ్ము నెలదినములు తిట్టియుందును దొరా" అని యతడు మెల్లగా పలికెను. "అడిగినవాడను నేనే. కాదనను. కాని కలము మీ చేతిలో నుండెను."

సోమశేఖరము వంగి రోగి కాళ్ళపై కంబళి సవరించి వెలుపలికి వచ్చెను. వసారాలో గోమారాముని భార్య ధాపూబాయి మట్టికుండ యెదుట కూర్చుండియుండెను. అతనిని చూచినంతనే ఆమె దిగ్గున లేచి వచ్చి "నా పసుపుకుంకుమలు నిలిపిన దేవుడవు" అని యతని పాదములు రెండును పట్టుకొనెను. తెరచియున్న ద్వారముగుండ ఆ మాట లోనికి వినబడుననుటకు సందేహము లేదు. లోనుండి యే శబ్దమును రాలేదు. కాపరి మరల నొకమారు అతనిని కాపాడదలచి యూరకుండెనో, అతడేమి చేయునో చూడదలచి యూరకుండెనో తెలియదు.

"లెమ్మమ్మా" యని సోమశేఖరము ఆమె చేతులు విడిపించి ఎదుట నేలపై కూర్చుండి మొదటినుండి చివరవరకును చెప్పెను. నూనెవాసన మొదలుకొని సంతకమువరకును, సంతకము మొదలుకొని గాలి తిరిగినంతవరకును ఒక్కమాటయు దాచలేదు. ఆమె వినుచు ముసుగు ముఖముమీదికి లాగుకొనెను.

అతడు చెప్పుట ముగిసిన పిదప ఆమె లేచి కుండలోని మజ్జిగను కంచుపాత్రలో పోసి అతని చేతికి గాక అతని యెదుట నేలపై నుంచెను. ఎండవేళ ఎదుటికి వచ్చినవానికి దాహ మీయకుండ పంపుట ఆ దేశమున లేదు. సోమశేఖరము ఆ పాత్రను రెండుచేతుల నెత్తుకొని తుదిబొట్టువరకును త్రాగెను. చంపగల దయ యొకటి లోకమున నున్నదనియు అది తియ్యని మాటతో వచ్చి చేతిని కన్నుల కద్దుకొనుననియు అతడు తరువాతికాలమున తన శిష్యులకు చెప్పుచుండెడివాడు. కాని యా దినమున మాత్రము అతనికి ఆలోచన యేదియు తోపలేదు. ఖాళీపాత్రను కడిగి బోర్లించి, ఎవరును పొమ్మనకుండగనే మెట్లు దిగి, తలపై చెంగైన కప్పుకొనక ఆ తెల్లని యెండలోనికి నడచిపోయెను.